ఆరు సెకన్ల రాగం

మా ఊరు నగరపాలక సంస్థ అయి తొమ్మిదేళ్లయింది. మునిసిపాలిటీగా ఉన్న రోజుల్లో మాకు దోమలుండేవి, మురుగు కాలవలుండేవి, వీధికుక్కలుండేవి. నగరం అయ్యాక వీటితో పాటు లక్ష్యాలు కూడా వచ్చాయి. అందులో ఒకటి వచ్చి నా నెత్తిన పడింది.

నా పేరు గున్నేశ్వరరావు. సాంస్కృతిక విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. విభాగం అంటే నేనూ, ఒక బీరువా, టౌనుహాలు తాళాలగుత్తి. ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం హాలు తలుపులు తియ్యడం, కార్యక్రమం అయ్యాక ఫ్యాన్లు కట్టెయ్యడం, విరిగిన కుర్చీల్ని స్టేజి వెనక్కి చేరవెయ్యడం. ఈ పనిలో నేను ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, ఒక్క కుర్చీలకి తప్ప.

పోయినేడు మా పెద్దలు ఏడుగురు విమానం ఎక్కి ఒక చల్లటి దేశం వెళ్లారు. అక్కడ ప్రపంచంలోని నగరాలన్నీ ఒకచోట చేరి భూమి వేడెక్కిపోతోందని బాధపడ్డాయి. మావాళ్లు కూడా తమ వంతు బాధపడి, మా నగరం వదిలే కర్బనాన్ని నలభై శాతం తగ్గిస్తామని సంతకం చేసి, ఫొటో దిగి, మళ్లీ విమానం ఎక్కి వచ్చేశారు. ఎక్కడ తగ్గించాలన్న సంగతి వచ్చాక కౌన్సిలు సమావేశం పెట్టి ఆలోచించారు.

ఎరువుల ఫ్యాక్టరీ పొగ తగ్గిద్దామంటే దాని యజమాని ఆ సమావేశానికే టిఫిన్లు పంపించాడు. లారీలవాళ్లకి యూనియను ఉంది. ఇటుక బట్టీలు మూడో వార్డు కార్పొరేటరు బావమరిదివి. రొయ్యల చెరువుల మీద రాత్రీ పగలూ తిరిగే ఇంజన్ల జోలికి పోవడం ఎవరి తరమూ కాదు. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రాగా, యూనియను లేనిదీ, బావమరుదులు లేనిదీ, తిట్టినా దండం పెట్టేదీ ఒక్కటే మిగిలింది. అది కళారంగం. నగరం తగ్గించాల్సిన కర్బనం మొత్తం కళాకారులే తగ్గించాలని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించి, బల్లలు చరిచారు.

మర్నాడు నాకు ఉత్తర్వు అందింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నగర పరిధిలోని నాటక, సంగీత, నృత్య, హరికథ, బుర్రకథాది ఉద్గార వనరులను తక్షణమే గుర్తించి, సదరు వనరులను నలభై శాతం మేర నియంత్రించవలసినదిగా..." అని ఉంది. హరికథలు వింటూ పెరిగినవాణ్ణి. అది ఉద్గార వనరని నాకెవరూ చెప్పలేదు.

రాజధాని నుంచి సలహాదారు డాక్టర్ శ్రీనిధి గారు వచ్చారు. ఆవిడ చాలా మంచి మనిషి. ఏం అడిగినా ముందు ల్యాప్‌టాప్ మనవైపు తిప్పి, తరవాత నవ్వుతారు. ముందుగా మా కళాకారులు ఏమేం తగలేస్తున్నారో లెక్క తీద్దామన్నారు. ఇద్దరం వారం రోజులు తిరిగాం. హరిదాసు గారు సైకిలు మీద వస్తున్నారు. డాన్సు టీచరు గారు నడిచే వస్తున్నారు. పద్యనాటక సమాజం వాళ్లు పెట్టెలు తోపుడుబండి మీద తోసుకొస్తున్నారు. వాళ్ల తెరలు అరవై ఏళ్ల నాటివి, కిరీటాలు అంతకన్నా ముందువి. మా బుర్రకథ దళంలో ఇద్దరు వంతలకీ కలిపి ఒకే జత గజ్జెలున్నాయి.

డాక్టర్ గారు నవ్వడం మానేశారు. "సార్, వీళ్ల దగ్గర తగ్గించడానికి ఏమీ లేదు," అని కమిషనరు వైకుంఠరావు గారికి చెప్పారు.

వైకుంఠరావు గారు ఏ విషయాన్నీ తేలిగ్గా వదిలే మనిషి కాదు. "లేకపోవడం ఏమిటమ్మా? నలభై శాతం తగ్గిస్తామని అంతర్జాతీయ వేదిక మీద రాసిచ్చాం. తగ్గించాలంటే ముందు ఉండాలి. కాబట్టి ఉంది. మీరు లోతుగా పరిశీలన గావించండి," అన్నారు.

ఆవిడ లోతుగా పరిశీలించారు. ఓ సాయంత్రం నాటక సమాజం రిహార్సల్లో చెంబంత మీటరు పెట్టె ఒకటి పట్టుకుని కూర్చున్నారు. దాని ముందు ఎవరైనా ఊపిరి వదిలితే అందులోని కర్బనం ఎంతో, ఎన్ని సెకన్లు వదిలారో ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. సరిగ్గా అప్పుడే సమాజం పెద్ద కొప్పిశెట్టి సత్యలింగం గారు పద్యం చివర రాగం అందుకున్నారు. అంకెలు పరుగెత్తాయి. ఆయన రాగం సాగదీసేకొద్దీ అవీ సాగాయి. డాక్టర్ గారి మొహం వెలిగిపోయింది. "దొరికింది!" అన్నారు.

ఆ రోజు నుంచి మా ఊళ్లో కర్బనం అంటే కళాకారుల ఊపిరి.

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టారొకాయన దీనికి అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశారు. మనిషి ఊపిరిలో వచ్చే కర్బనం తిన్న అన్నంలోదే, ఆ అన్నం వరిచేలోదే, వరి దాన్ని గాలిలోంచే తీసుకుంది, కాబట్టి చెల్లుకు చెల్లు అన్నారు. వైకుంఠరావు గారు ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, "వరి వ్యవసాయ శాఖ పరిధిలోనిది. పీల్చిన ఘనత వారికి చెందును. వదిలిన బాధ్యత మాత్రం మనది," అని పక్కన రాసి ఫైలు మూసేశారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు.

నిబంధనలు అచ్చయ్యాయి. దీపాల ఖర్చు తగ్గేలా నాటకాలు పొద్దున్న పదింటికే వెయ్యాలి. రంగస్థలం మీద మాటలు లేకుండా ఊరికే నిలబడే పాత్రలు అనవసరంగా ఊపిరి తీస్తున్నాయి కాబట్టి భటుల్ని అట్టలతో చేసి నిలబెట్టాలి. హార్మోనియం పక్కవాళ్లు వదిలిన గాలిని లోపలికి లాక్కుని మళ్లీ వదులుతోంది కాబట్టి దాన్ని రెండో ముక్కుగా పరిగణించాలి. పద్యం చివర రాగం ఆరు సెకన్లు మించరాదు. అన్నిటికంటే ముఖ్యమైనది పదకొండో నిబంధన. వన్స్ మోర్ నిషేధం.

పద్యనాటకం చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. మా జిల్లాల్లో నటుడు పద్యం పాడాక జనానికి నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు. అప్పుడు చనిపోయిన రాజైనా సరే లేచి కూర్చుని, ఆ పద్యం మొదటి నుంచీ మళ్లీ పాడి, మళ్లీ చనిపోవాలి. ఇది మర్యాద. ఎన్ని వన్స్ మోర్లు పడ్డాయన్నదే నటుడి పరువు. ఒకే కర్బనాన్ని రెండుసార్లు వదలమని నలుగురూ కలిసి అరుస్తున్నారని డాక్టర్ శ్రీనిధి గారు నివేదికలో రాశారు. చప్పట్లకి కూడా ఒళ్లు వేడెక్కుతుంది కనుక, మెచ్చుకోదలచినవారు కూర్చున్నచోటే కుడిచెయ్యి పైకెత్తవలెను అని చేర్చారు.

ఈ నిబంధనలన్నీ హాలు గోడకి అంటిస్తుంటే సత్యలింగం గారు వచ్చారు. ఆయనకి అరవై ఆరేళ్లు. రైసు మిల్లులో కాటా దగ్గర ముప్ఫై ఐదేళ్లు పనిచేసి, సాయంత్రాలు రాజుగా బతికారు. ఆయన వేసే ‘ధర్మకేతు’ నాటకం వాళ్ల సమాజం సొంతం. అందులో రాజు రాజ్యాన్ని దానమిచ్చేసి, సింహాసనం దిగుతూ, "సెలవిమ్ము నగరమా" అని పద్యం ఎత్తుకుంటాడు. ఆ పద్యానికి మా టౌనుహాల్లో మూడు వన్స్ మోర్లకి తక్కువ పడగా నేను చూడలేదు.

"గున్నేశ్వర్రావు గారూ, వచ్చే నెల అయిదో తారీఖు హాలు నాకివ్వాలండి," అన్నారు. ఆయన గొంతు కొంచెం బొంగురుగా ఉంది.

"అలాగే. ఏమిటి అంత తొందర?"

"పన్నెండో తారీఖుని గొంతుక్కి ఆపరేసనండి. లోపలేదో గడ్డ ఉందంట. తీసేత్తే పేనానికి బయం లేదన్నారు. మాట మాత్రం వత్తాదో రాదో చెప్పలేమన్నారండి." కండువాతో మొహం తుడుచుకున్నారు. "దానికేం గానీండి, ఆ పద్యం ఈ హాల్లో ఒక్కసారి పాడేసి పోతాను. జనం ఒక్కసారి వన్స్ మోర్ అంటే చాలండి. ఇంకేం అక్కర్లేదు."

నేను జిగురు బ్రష్షు చేత్తో పట్టుకుని, పదకొండో నిబంధన మీద వీపు ఆనించి నిలబడ్డాను. కాగితం నా చొక్కాకి అంటుకుపోయింది.

దరఖాస్తు పెట్టించాను. విచారణకి ఆయన్నీ, హార్మోనిస్టు బుల్లియ్యనీ కమిషనరు గారి గదికి తీసుకెళ్లాను. బుల్లియ్య ఆయనకి వరసకి బావమరిది. నలభై ఏళ్లుగా పక్కనే కూర్చుని ఆయన ఎక్కడికి ఎగిరితే అక్కడికి హార్మోనియం ఎగరేశాడు.

"మీ దరఖాస్తు సానుభూతితో పరిశీలించాం," అన్నారు వైకుంఠరావు గారు. "పద్యానికి ఎన్ని పాదాలు?"

"నాలుగండి."

"నలభై శాతం తగ్గించాలి కదా. ఎంతమ్మా అది?"

"రెండు పాయింట్ నాలుగు పాదాలు సార్," అన్నారు డాక్టర్ గారు ల్యాప్‌టాప్ తిప్పి.

"రెండున్నర పాడుకోండి. నేను పైవాళ్లకి చెప్పుకుంటాను."

సత్యలింగం గారు చేతులు జోడించారు. "బాబూ, రెండున్నర దగ్గర ఆపేత్తే రాజుగారు సింహాసనం దిగుతా మెట్టు మీదే ఉండిపోతారండి. కిందకి దిగరు. పైకి ఎక్కరు."

ఇది కమిషనరు గారిని కదిలించింది. ఆయనకి ఎవరైనా కుర్చీ దిగడం అన్న మాట వింటేనే బాధ. నాలుగు పాదాలకీ అనుమతిచ్చి, బదులుగా మంత్రులు ఆరుగుర్ని ఒక్కడికి తగ్గించి, ఆ ఒక్కడూ ముక్కుతోనే ఊపిరి తియ్యాలని రాయించారు.

"మరి వన్స్ మోరండీ?" అన్నాడు బుల్లియ్య.

"అందుకు అవకాశం కల్పించాం. రెండోసారి వినగోరు ప్రేక్షకులు పదిహేను రోజులు ముందుగా రాతపూర్వకంగా, మూడు ప్రతులలో దరఖాస్తు చేసుకోవచ్చు."

"మొదటిసారి వినకుండా రెండోసారి కావాలని ఎలా అడుగుతారండీ జనం?"

"అడగరు," అన్నారు వైకుంఠరావు గారు సంతోషంగా. "పథకం విజయవంతం అయ్యేది అక్కడే."

సత్యలింగం గారు ఆపరేషన్ సంగతి చెప్పారు. వైకుంఠరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "చాలా విచారకరం. కానీ ఒకరి గొంతుకి మినహాయింపు ఇస్తే రేపు ప్రతివాడూ గొంతు చూపిస్తాడు," అన్నారు. బయటకొచ్చాక సత్యలింగం గారు నా భుజం తట్టి, "పోన్లెండి, చేతులైనా ఎత్తుతారు కదా," అన్నారు. ఆ మాటకి నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

అయిదో తారీఖు వచ్చింది. పొద్దున్న తొమ్మిదిన్నరకే హాలు నిండిపోయింది. నాలుగు వందల మంది వచ్చారు. అప్పటికే ఒక వార్త ఊరంతా పాకింది, ఇదే ఆయన ఆఖరి పద్యం కావచ్చని. కొందరు మిల్లుకి సెలవు పెట్టి వచ్చారు.

నగరంలో తొలి కర్బన నియంత్రిత నాటకం కాబట్టి ముందు ప్రారంభ సభ పెట్టారు. పెద్దలు పదకొండు మంది పదకొండు కార్లలో వచ్చారు. వేదిక మీద ఉక్క పోస్తుందని నాలుగు అద్దె ఏసీలూ, వాటికోసం హాలు వెనక జనరేటరూ పెట్టారు. జనరేటరు నల్లటి పొగ కక్కుతుంటే నేను మీటరు పట్టుకుని అటు వెళ్లబోయాను. డాక్టర్ గారు ఆపారు.

"అటెందుకండీ? కర్బనం తగ్గించే కార్యక్రమంలో వెలువడే కర్బనం లెక్కలోకి రాదు," అన్నారు.

"మరి పెద్దల ఉపన్యాసాలండీ?"

"అవగాహన కల్పించడం కదా. అదీ రాదు."

ఉపన్యాసాలు పదింటికి మొదలై పన్నెండున్నర దాకా సాగాయి. వైకుంఠరావు గారొక్కరే గంటా పదినిమిషాలు, నోరు అదుపులో పెట్టుకుంటే భూగోళం ఎలా చల్లబడుతుందో వివరించారు. సత్యలింగం గారు కిరీటం పెట్టుకుని, రంగు కారకుండా మొహానికి విసనకర్ర విసురుకుంటూ, తెర పక్కన ఒక విరిగిన కుర్చీలో కూర్చున్నారు. నా కుర్చీల మీద నాకు మొదటిసారి సిగ్గేసింది.

పన్నెండూ నలభైకి తెర లేచింది. కిటికీలన్నీ తీసి ఉన్నాయి. రాజసభలోకి మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతోంది. కిరీటం మీద తగరం ఎక్కడెక్కడ ఊడిపోయిందో వెనక వరసకి కూడా కనబడుతోంది. ఇద్దరు అట్ట భటుల్లో ఒకడు ఫ్యాను గాలికి బోర్లా పడ్డాడు. ఉన్న ఒక్క మంత్రి ముక్కుతో ఊపిరి తీస్తూ మాట్లాడేసరికి, రాజ్యం పోతోందన్న కబురు జలుబు చేసినవాడు చెప్పినట్టుంది. జనం నవ్వలేదు. నవ్వుకి కూడా నిబంధన ఉందేమోనని భయపడ్డారు.

నేను తెర పక్కన మీటరు పట్టుకుని నిలబడ్డాను. ఆరు సెకన్లు దాటితే చెయ్యి అడ్డం పెట్టమని నాకు ఆదేశం.

సత్యలింగం గారు లేచారు. సింహాసనం మీద చెయ్యి ఆనించారు. "సెలవిమ్ము నగరమా" అన్నారు. ఆ బొంగురు ఎటు పోయిందో ఏమో, నలభై ఏళ్లనాటి గొంతు ఎక్కడి నుంచో వచ్చి హాలంతా పరుచుకుంది. నాలుగు పాదాలూ పాడారు. రాగం అందుకున్నారు. మీటరులో సెకన్లు ఒకటి, రెండు, మూడు అని నడిచాయి. సరిగ్గా ఆరో సెకనుకి ఆయన రాగం తుంచేశారు. నిబంధన పాటించారు. ఆకాశంలోకి లేచిన గాలిపటం దారం ఎవరో తెంపేసినట్టయింది నాకు.

నాలుగు వందల కుడిచేతులు ఒక్కసారి పైకి లేచాయి.

ఆయన వాటికేసి చూశారు. ఒక చివర నుంచి ఇంకో చివరి దాకా చూశారు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని, కొంచెం ముందుకి వంగి, చెవి ఒగ్గి నిలబడ్డారు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. కొందరికి కళ్లనీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఎడమచెయ్యి వాడుకుంటున్నారు. ఆయన మెల్లగా తల దించుకుని సింహాసనం మెట్టు మీద కాలు పెట్టారు. దిగిపోబోతున్నారు.

అప్పుడు ఒక కేక వినబడింది. "వన్స్ మోర్!"

ఆ కేక వేసింది నేనేనని మర్నాడు మెమో అందేదాకా నాకు తెలియదు.

తరవాత జరిగిందేదీ ఏ నిబంధనకీ లొంగలేదు. నాలుగు వందల మంది లేచి అరిచారు. కుర్చీలెక్కి అరిచారు. డాక్టర్ శ్రీనిధి గారు మధ్యలో నిలబడి "చేతులు, చేతులు!" అంటున్నారు గానీ ఎవరూ వినలేదు. సత్యలింగం గారు మెట్టు మీద నుంచి కాలు వెనక్కి తీసుకున్నారు. బుల్లియ్యకేసి చూశారు. బుల్లియ్య రెండో ముక్కు పూర్తిగా తెరిచాడు.

రెండోసారి పాడినప్పుడు రాగం ఆరు సెకన్లో అరవై సెకన్లో ఎవరికీ తెలియదు. మీటరు ఎర్రదీపం వెలిగించుకుని కూత పెడుతోంది. బుల్లియ్య ఆ కూత శ్రుతిని కూడా హార్మోనియంలో కలిపేశాడు. మూడోసారి పాడుతుంటే నాలుగో పాదం మధ్యలో ఆయన గొంతు పోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మిగిలిన సగం పాదం హార్మోనియమే పాడి, ఆయన్ని మెట్లు దింపింది. నేను గోడకేసి తిరిగి ఏడ్చాను. అది ఏ పద్దులో రాయాలో నిబంధనల్లో లేదు.

మెమోలో ఇలా ఉంది: "సదరు ఉద్యోగి నియంత్రణ విధులలో ఉండి, ‘వన్స్ మోర్’ అని బిగ్గరగా ఉద్గరించి, తద్వారా నాలుగు వందల మంది ఉద్గారమునకు మూలకారకుడైనందున, ఇతనిపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలియజేయవలెను." మూడు రోజులూ ఆలోచించినా నాకు ఏల తీసుకొనరాదో తట్టలేదు. ఉద్యోగం పోయినట్టేనని ఇంట్లో చెప్పాను, ఆఫీసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

పన్నెండో తారీఖున ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది. మాట పోయింది. మెడ ముందు చిన్న రంధ్రం పెట్టారు. ఇక అందులోంచే ఊపిరి. నేను ఆసుపత్రికి వెళితే ఆయన నా అరచేతిలో వేలితో "3" అని రాసి, రెండు కళ్లూ ఎగరేశారు. మూడుసార్లు పాడానని.

మూడు నెలలు గడిచాయి. నా మెమో మీద ఏ చర్యా రాలేదు. ఒకరోజు వైకుంఠరావు గారు నన్ను పిలిచి కుర్చీ చూపించారు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"గున్నేశ్వరరావ్, నువ్వు చేసింది చాలా దూరదృష్టితో చేసిన పని," అన్నారు.

డాక్టర్ గారు ల్యాప్‌టాప్ తిప్పారు. అయిదో తారీఖు దగ్గర ఒక ఎర్రగీత తాటిచెట్టులా నిటారుగా లేచి ఉంది. దాన్నే ప్రాతిపదికగా తీసుకున్నారట. ఆ తరవాత సత్యలింగం గారు పాడలేదు, నాటక సమాజం నాటకం వెయ్యలేదు. గీత నేలకి అంటుకుపోయింది. నలభై శాతం తగ్గిస్తామన్న నగరం నూటికి నూరు శాతం తగ్గించింది. చల్లటి దేశం వాళ్లు అభినందన పంపారు. ఈసారి పద్నాలుగు మంది విమానం ఎక్కి వెళ్లి అందుకోబోతున్నారు.

"అంతటి గీత ఆ రోజు నువ్వు లేపకపోతే ఇంత పతనం చూపించగలిగేవాళ్లమా?" అని వైకుంఠరావు గారు నా మెమో చింపేసి, నా చేతే ఒక సన్మానపత్రం రాయించారు. ‘ఉద్గారాలను సంపూర్ణముగా త్యజించిన ప్రప్రథమ కళాకారుడు’ అన్న బిరుదు సత్యలింగం గారికి. ఆ పత్రం రాస్తున్నప్పుడు నా చెయ్యంటే నాకే అసహ్యమేసింది. అయినా రాశాను. ఉద్యోగం.

సన్మానం టౌనుహాల్లోనే. సత్యలింగం గారు మెడకి తెల్లగుడ్డ చుట్టుకుని, బుల్లియ్య చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కారు. శాలువా కప్పారు. బిరుదు చదివారు. ఆయన చెవి ఒగ్గి అంతా విన్నారు. పత్రికల వాళ్లున్నారు కాబట్టి ధ్రువీకరణ కూడా వేదిక మీదే కానిద్దామని వైకుంఠరావు గారు సంజ్ఞ చేశారు. డాక్టర్ గారు మీటరు తీసుకెళ్లి ఆయన మెడకి ఎదురుగా పట్టుకున్నారు. అంకె నా చేత చదివించి పుస్తకంలో రాయించాలని ఏర్పాటు.

వైకుంఠరావు గారు కళ్లజోడు సవరించుకుని తొంగి చూశారు. మొహం చిట్లించారు.

"సున్నా రావాలి కదమ్మా. ఇంకా ఏదో చూపిస్తోందే?"

"అది... మామూలు ఊపిరి సార్. బతికున్నందుకు వచ్చేది," అన్నారు డాక్టర్ గారు గొంతు తగ్గించి.

ఆయన గడ్డం నిమురుకుని ఆలోచించారు. "సరే, అది వచ్చే త్రైమాసిక లక్ష్యంలో పెట్టుకుందాం. రాసుకోవయ్యా గున్నేశ్వరరావ్."

సత్యలింగం గారు కమిషనరు గారికేసి చూశారు. మీటరుకేసి చూశారు. నాకేసి చూశారు. అంతే, నవ్వడం మొదలుపెట్టారు. చప్పుడు లేదు. భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, శాలువా జారిపోయింది, మెడ దగ్గర తెల్లగుడ్డ బుస్సుబుస్సుమని లేచి పడుతోంది. బుల్లియ్య ఆయన్ని పట్టుకోబోయి తనూ నవ్వు ఆపుకోలేకపోయాడు. మీటరులో అంకెలు పరుగెత్తాయి. ఎర్రదీపం వెలిగింది. పెట్టె కూత పెట్టింది.

"ఆపమనండి! ఫొటోలు తీస్తున్నారు, ఆపమనండి!" అన్నారు వైకుంఠరావు గారు.

ఆయన ఆపలేదు. నేను కలం తీసి, కనిపించిన అంకె కనిపించినట్టు పుస్తకంలో రాసుకున్నాను.